మూఢమే నాకు ముహూర్తం

పెళ్ళిళ్ళు లేని నెలల్లో
నా కెమెరాకి రైళ్ళని చూపిస్తాను.
ఏడాదంతా తలంబ్రాలూ, బిందెలో ఉంగరాలూ చూసి చూసి
దాని కంటికి కాస్త ఇనుము కావాలి.

అందరిలాగే నేనూ మొదట కొవ్వూరు రేవులోనే నిలబడ్డాను.
పొద్దున ఎదురెండ. వంతెన విల్లులన్నీ మసిబారి
రత్నాచల్ కిటికీలు దువ్వెన పళ్ళయిపోతాయి.
సాయంత్రమైతే నయం, సూర్యుడు మన వీపు తడుతూ ఉంటాడు.
పక్కన పాత వంతెన మీద రైళ్ళు మానేశాయి గానీ
కాకులు ఇంకా టైముకే దిగుతున్నాయి.

పడవలో వల బాగుచేసుకుంటూ మల్లాడి నూకరాజు
తలెత్తకుండానే అన్నాడు:
"గూడ్సు. నిండుగా ఉంది."
ఎలా తెలిసిందంటే
పడవ అంచు మీద ఆనించిన అరచెయ్యి చూపించాడు.
ఆ అరచేతినే తీశాను.
గూడ్సు ఫొటోలోకి రాలేదు.

కోటిపల్లి వైపు రైలుబస్సు తిరిగే రోజుల్లో
ఒక్కటే పెట్టె, వెనకా ముందూ ఎవరూ లేని పెట్టె,
కొబ్బరాకులు రాసుకుంటూ వచ్చేది.
పట్టాల పక్కన నన్ను చూసి ఆపేశాడు డ్రైవరు.
"ఎక్కరా?"
"ఫొటో అండి."
"దీనికా!"
అని జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు.
ఉన్న ఆరుగురూ ఒకే వైపు కిటికీలకి చేరి
పెళ్ళి గ్రూపు ఫొటోలోలా సర్దుకున్నారు.
ఒకావిడ బుట్టలోని కోడిని కూడా ఇటు తిప్పింది.

అసలు నీకు చెప్పాలనుకున్న చోటు ఇవేవీ కాదు.

ఉండి దాటాక, ఆకివీడు ఇంకా రాకముందు
రైలుకట్టని ఆనుకుని ఒక రొయ్యల చెరువుంది.
నీళ్ళు కదలకపోతే అక్కడ ప్రతి బండీ రెండు బళ్ళు.
కదలకపోవడమే ఎప్పుడూ ఉండదు.
రాత్రంతా ఏరేటర్లు చిలుకుతూనే ఉంటాయి.

కాపలా బొంతు ఏలియాని బతిమాలాను.
"రెండు నిమిషాలు, అంతే."
"తెల్లారగట్ల వాటికి గాలి చాలదండి."
"రెండే."
కామందు షెడ్డు వైపు ఒకసారి చూసి
స్టార్టరు నొక్కాడు.

చప్పుడు ఆగాక తెలిసింది ఎంత చప్పుడుందో.
ఆకాశం మెల్లిగా వచ్చి చెరువులో పడుకుంది.
కరెంటు స్తంభం, తీగ మీద లకుముకిపిట్ట, కట్ట మీది గడ్డి
ఒక్కొక్కటే తలకిందులుగా దిగాయి.
రైలే రాలేదు.
నరసాపురం బండి ఎక్కడో సిగ్నలు దగ్గర నిలబడిపోయింది.
రెండయ్యాయి. నాలుగయ్యాయి.
ఈశాన్యం మూలన నీళ్ళ మీద ఒక చుక్క.
మరో చుక్క.
కిందనుంచి పైకి వాన మొదలైనట్టు.

కెమెరా కంటికి ఆనే ఉంది నాకు.
ఇంకొక్క నిమిషం అనబోయాను.
అది సిగ్గుపడకుండా రాస్తున్నాను, నీకు పనికొస్తుందని.
నా నోరు తెరుచుకునేలోపే
ఏలియా స్టార్టరు నొక్కేశాడు.
చెరువంతా నురగ.
సరిగ్గా అప్పుడు కూత.

అయినా తీశాను.
కట్ట మీద ఇరవై పెట్టెలూ దర్జాగా వెళుతున్నాయి.
నీళ్ళలో మాత్రం ఒక్కో చక్రం ఒక్కో కిటికీని విసిరేస్తోంది,
నీలం ముక్కలు, పసుపు ముక్కలు,
ఎవరో తలుపు దగ్గర పళ్ళు తోముకుంటున్న చెయ్యి,
చెయ్యి మాత్రమే.

ప్రింటు తీసుకెళ్ళి ఇస్తే
ఏలియా చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు.
"ఆయ్, మా రొయ్యలు రైలెక్కేసినట్టున్నాయండి" అన్నాడు.

ఇప్పుడది ఆ షెడ్డులో స్టార్టరు పైన అతికించి ఉంది.
నువ్వెళితే తెల్లారకముందే వెళ్ళు.
గట్టు జారుతుంది, చెప్పులు చేత్తో పట్టుకో.
ఏలియాకి బీడీలు వద్దు, మానేశాడు, అల్లం టీ తీసుకెళ్ళు.
స్టార్టరు జోలికి పోకు.
నీళ్ళు ఎలా ఉంటే అలా తియ్యి.