చిల్లర

ఆదోని కోర్టులో నేను పేర్లు పిలుస్తా.
ఇరవై రెండేండ్లుగా అదే పని.
వరండా కొసన నిలబడి, మూడు సార్లు,
జిన్నింగు మిల్లు రొదను దాటేటట్టు.
మూడో పిలుపుకు పలక్కుంటే
కేసు కొట్టేస్తారు.
చచ్చిపోయినోళ్లను గూడా పిలిచినా,
వాళ్లు పోయిన సంగతి కాగితానికి తెలీక.

ఆ పొద్దు కాగితంలో పేరు లేదు.
ఎం.ఓ. ఒకటి అని ఉండాది.
ఎం.ఓ. అంటే కొడవలి, నెత్తుటి చొక్కా,
సారా సీసా, సైకిలు చైను.
చీటీ కట్టి, లక్క పోసి, బీరువాలో పెట్టే సొత్తు.
ఈ సొత్తు మాత్రం సైకిల్ స్టాండు పక్కన నిలబడి
తోకతో ఈగల్ని తోలుకుంటాంది.

గాడిద.
ఆలూరు రోడ్డు ఇటుకల బట్టీది.
వీపు మీద అరచెయ్యంత పుండు,
పుండు మీద గోనెపట్ట,
పట్ట మీద నలభై పచ్చి ఇటుకలు,
ముందుకాలు విరిగినాక గూడా మూడు వారాలు.
చీటీ యాడ కట్టాల్నో తెలీక
కానిస్టేబులు ఓబులేసు మెడకు కట్టినాడు.
మధ్యాహ్నానికంతా టీ బంకోని మేక
ఆ చీటీ తినేసింది.

గోశాలకు తోలితే, ఇది ఆవు గాదు గదా అన్నారు.
స్టేషన్ వెనక పాత జీపులకాడ
పదకొండు వాయిదాలు నిలబడింది.

సాక్షి బట్టీ పిల్లోడు, సుంకన్న.
దీనికి పేరుందా అని అడిగితే తల వంచినాడు.
"లేదు సారూ. నేనొక్కణ్ణే చుక్కీ అంటా."
టైపు మిషన్ మీద ఆ మాట పడిన చప్పుడు
నాకు ఇంకా ఇనపడతాది.

వకీలు ఖమరున్నీసా మేడం లేచింది.
"అయ్యా, నేను వచ్చినా 'వచ్చింది' అంటారు,
ఈ గాడిద వచ్చినా 'వచ్చింది' అంటారు.
మీరు వస్తే 'వచ్చినాడు' అంటారు.
భాష మా ఇద్దర్నీ ఒక గాటన కట్టేసి శానా కాలమైంది.
నేను నల్లకోటు తొడుక్కొని ఆ గాటు తెంచుకున్నా.
దాని తరఫున గూడా నేనే మాట్లాడతా,
అది సొత్తు గాదని."
అవతలి వకీలు నవ్వినాడు.
జడ్జిగారు నవ్వలేదు. పెన్ను మూత పెట్టి
శానాసేపు కిటికీలోంచి కోటకొండ చూసినారు.

నేరం రుజువైంది.
జరిమానా యాభై రూపాయలు.
అంతకు మించి రాసే దారి
చట్టంలో లేదన్నారు, గొంతు తగ్గించి.

బట్టీ ఓనరు ఐదొందల నోటు తీసినాడు.
క్లర్కు కాడ చిల్లర లేదు.
నన్ను పంపినారు.
టీ బంకులో లేదు, జిరాక్సు షాపులో లేదు,
చివరికి కొబ్బరిబోండాలాయన ఇచ్చినాడు.
ఎండలో నాలుగొందల యాభై లెక్కపెట్టుకుంటా వస్తాంటే
చుక్కీ నన్ను చూసింది.
చూసిందో లేదో. అటు తిరిగి ఉన్నింది, అంతే.

ఆ చట్టం రాసిన నాటికి
యాభై రూపాయలకు గాడిదే వచ్చేదంట.
మేడం సవరణ రాసుకొని ఎమ్మెల్యే కాడికి పోయింది.
"గాడిదలకు ఓటు లేదు గదమ్మా" అన్నాడాయన.
"నాకుంది గదన్నా" అనింది.
కాగితాలు తీసుకున్నాడు. టేబుల్ సొరుగులో పెట్టినాడు.
అప్పట్నుంచి ప్రతి నెలా ఆమె
ఒక నకలు రిజిస్టరు పోస్టులో పంపిస్తాది.
పోస్టాఫీసుకు పోయేది నేనే.
ఒక్కో కవరుకు యాభై ఏడు రూపాయలు,
జరిమానా కంటే ఏడు ఎక్కువ.

అప్పీలు కర్నూలుకు పోయింది.
అంతవరకు సొత్తు పశువుల ఆసుపత్రి షెడ్డులో ఉండాలని ఆర్డరు.

నిన్న సాయంత్రం అందరూ పోయినాక
వరండాలో ఒక్కణ్ణే నిలబడినా.
మిల్లు గూడా ఆగింది.
పిలిచినా, చుక్కీ అని.
ఇంకోసారి పిలిచినా.

మూడోసారి పిలవలేదు.