ఎనుక బ్రేకు

పొద్దుగాల నాలుగున్నర.
సెంటర్ స్టాండు మీద బండి, ఎనుక చక్రం గాల్ల.
చేత్తోని ఒక్కసారి తిప్పి ఇడుస్త.
తిరిగి, తిరిగి,
ఏడనో ఒక్కకాడ జర్రుమని గీక్కుంట ఆగుతది.
"ఆ గీకుడు ఉండాలె" అంటడు ఆయన మంచంల నుంచే,
"అసలే సప్పుడు లేకుంటే షూలు దూరమున్నట్టు.
మస్తు సప్పుడైతే పెట్రోలు దండుగ."

రాడ్డు కొసకు నట్టు.
కుడికి అర చుట్టు. పెడలు తొక్కి చూసుడు.
ఎక్కువైందా, ఎడమకు పావు.
కూరల ఉప్పు చూసినట్టే,
ఎవ్వలూ కొలిచి చెప్పరు, నాలికె మీదికి రావాలె.
నా కాలుకు రెండు నెలలు పట్టింది.

ఇరవై రెండేండ్లు ఇది ఆయన పెడలు.
ఆత్మకూరు నుంచి హన్మకొండ దాక
రెండు దిక్కుల రెండు క్యాన్లు,
గుంతల మీద గూడ పాలు తొణకనియ్యని కాలు.
ఇనుము మీది గీతలన్ని అరిగి
బొటనేలు ఆనే జాగ నున్నగ, గిన్నె అడుగోలె మెరిసేది.
ఆ బొటనేలు ఇప్పుడు లేదు.
ఎంజీఎంల తీసేసిండ్రు, పక్క రెండేళ్లు గూడ.
షుగరు. ఏం జేస్తం.

నున్నటి పెడలు మీద నా చెప్పు జారితే
యాకూబు రంపం బ్లేడు పట్టుకొచ్చి
అడ్డం ఆరు గీతలు కోసిండు.
"ఇగ ఇది నీదక్కా."
ఆయన గోడ దిక్కు చూసిండు.

ఆ రోజే డ్రమ్ము ఇప్పి చూపెట్టిండు.
లోపల నల్లటి పొడి, కాటుక పొడోలె.
నేను ఊదబోతే చెయ్యి అడ్డం పెట్టిండు:
"ఊదకు. అది రొమ్ముల చేరితే మల్ల రాదు."
తడిగుడ్డతోని తుడిసి,
మెరుస్తున్న షూల మీద గరుకు కాయితం రుద్దిండు.
"మెరిసిందంటే పట్టుడు బందైనట్టక్కా."
క్యాముకు గోరంత గ్రీసు.
షూకు అంటితే మాత్రం
బండి నీ మాట ఇనదు, దేవుని మాట ఇంటది.

వానకాలం చెరువు మత్తడి దుంకి
రోడ్డు మీద పిక్కల్లోతు పారుతది.
దాటినంక వంద గజాలు
పెడలు మీద కాలు ఉత్తగ ఆనిచ్చి పోవాలె,
లోపల తడి ఆరేదాక.
ఇది యాకూబు చెప్పలే. ఆయనా చెప్పలే.
ఓసారి పాలన్ని ఒలకబోసుకొని నేర్సుకున్న.

పదిహేను రోజులకోసారి క్యాన్లు దించి
ఆయనను ఎక్కించుకొని కట్టు మార్పియ్య పోత.
ఈ ఎండకాలం, ఊరుగొండ ఇవతల,
సగం రోడ్డు వడ్లు ఆరబోసిండ్రు, అంచుకు రాళ్లు.
ఎదురుంగ ఇటుకల ట్రాక్టరు.
నాకు మిగిలింది వడ్లే.
వేళ్లు ముంగటి బ్రేకు మీదికి వాటంతటవే పోయినయి.
పట్టలే. గింజల మీద పడితె ముందు చక్రం మనది కాదు.
కాలుతోని మెల్లగ.
ఇంకింత. ఇడిసి, మల్ల ఇంకింత.
ఎనుక చక్రం బర్రె తోకోలె ఒక్కసారి ఊగి
సక్కగైంది.
కాళ్లతోని వడ్లు తిరగేస్తున్న ముసలామె
నిలబడి చూసింది, తిట్టనన్న తిట్టలే.

అప్పుడు ఇనపడ్డది నా ఎనుక,
టక్కుమని.
నా పెడలు తోనే, అదే నిమిషంల,
కట్టు కట్టిన ఆయన సగం పాదం
ఫుట్‌రెస్టును బలంగ తొక్కింది.
అక్కడ రాడ్డు లేదు. నట్టు లేదు.
నేను ఎనుకకు తిరగలే.
"జెర ముందుగాల తొక్కాల్సింది" అన్నడాయన.
"ఔ" అన్న.

మొన్న సర్వీసింగుల యాకూబు అడిగిండు,
"ఇదేందక్కా, కుడిపక్క రబ్బరే ఇట్ల అరిగింది?"
"లోడు ఎక్కువైతుందిరా" అన్న.
కొత్తది వేసిండు. ముప్పై రూపాయలు.