ఒక్క బస్తా

ఎబురు కొండ మీద నేల
పగుళ్లలోంచి ఆవిరి వదులుతుంది.
అవ్వ వంగెచి పడుచుతనంలో
ఆ పగుళ్లకి రేకు గొట్టాలు వాల్చి
చివర్న డబ్బా పెట్టేదట.
తెల్లారేసరికి సగం డబ్బా నీళ్లు.
కొండకి చెమట పట్టిస్తేగాని
ఇంట్లో గంజి కాగేది కాదు.

ఇప్పుడు అదే ఆవిరి వేడితో
నేను గాలిని వడగడుతున్నాను.

ఎనిమిది ఫ్యాన్లు, ఒక ఇనప పెట్టె,
లోపల తేనెపట్టులా అరలు.
గాలి వచ్చిపోతుంది.
పోయే గాలిలో బొగ్గుపులుసు ఉండదు.
పూర్తిగా ఉండదని కాదు, గిచుకి మామా,
నీతో అబద్ధమెందుకు.
అరలు నిండాక మూతేసి ఉడికిస్తాం.
అవి వదిలినదాన్ని నీళ్లలో కలిపి
నల్లరాతి లోపలికి దించుతాం.
రెండేళ్లో మూడేళ్లో, అక్కడే రాయైపోతుంది.

"గాలి కబుర్లు" అనేవాడివి
బట్టీ మీద మట్టి ఎగదోస్తూ.

మొన్న వానకి నీ బస్తాలన్నీ
మా షెడ్డులో దించావు.
కరెంటు లేదు, పని లేదు.
గచ్చు మీద, నీ బొగ్గుముక్కతోనే
లెక్క వేశాను.
నీ బస్తా ఒకటి కాలితే ఎంత,
నా పెట్టె పగలూ రాత్రీ పట్టేది ఎంత.
చెరిపి మళ్లీ వేశాను.
ఒక్క బస్తా.
నువ్వు ఆ రోజు దించినవి పదకొండు.

నువ్వు నవ్వుతావనుకున్నాను.
"మరి ఆ పదీ?" అన్నావు,
అప్పు అడిగినవాడిలా, నెమ్మదిగా.

నీవి చిటికెడు మామా, అన్నాను.
మనం చూడని ఊళ్లలో
మన తాతలు పుట్టకముందు రాజేసినవి
ఇంకా అక్కడే తిరుగుతున్నాయి పైన.
వాటిని దాచే రాయి మాత్రం
మన కాళ్ల కింద ఉంది.

అవ్వకి చెవుడనుకుంటాం.
"రాయికి అద్దె ఎవరిస్తున్నారు?" అంది.

ఎవరూ మాట్లాడలేదు.
వాన తగ్గింది, కరెంటొచ్చింది,
మూడో నంబరు ఫ్యాను
గ్రీసు కావాలని కీచుమంది.
నేను రెంచీ పట్టుకుని లేచేసరికి
అవ్వ ఎప్పుడు వెళ్లిందో
పెట్టె వెనక, ఆవిరి గొట్టం చివర,
డబ్బా పెట్టి వచ్చింది.

సాయంత్రానికి సగం నిండింది.
ఆ నీళ్లతోనే టీ కాచాం,
నీ బొగ్గు మీద.
నువ్వు రెండో కప్పు అడిగావు.
నేనింకో నాలుగు ముక్కలు వేశాను.