పదిహేడో ప్రశ్న

మిల్లులో రాత్రి షిఫ్టు దిగి వచ్చి
జుట్టులో దూది దులుపుకోకముందే
మా అన్న కొడుకు వీరేశు గోడకు చార్టు కొడతాడు.
నేను జొన్నరొట్టె తడతాంటే
బెత్తం లేని అయ్యవారై అడుగుతాడు:
"అత్తా, ఇదేంది?"

ఎర్ర ముక్కోణంలో రెండు గుబ్బలు.
"గతుకుల దారి."
ముక్కోణం తలకిందులైతే?
"ఎదుటోళ్లకు దారియ్యల్ల."
గుండ్రంలో బూర, దాని మీద అడ్డగీత?
"హారన్ కొట్టగూడదు.
అబ్బీ, ఈ బొమ్మ మన ఆదోనిలో యాడా చూడలేదే!"
"ఆస్పత్రి కాడ ఉండాది అత్తా.
దాని మీద ట్యూషన్ పోస్టర్ అంటించినారు."

నలభై రెండేళ్లకు మళ్లీ సదువు.
అయిదో తరగతిలో ఆపిన కాడి నుంచే
కండ్లు తడుముకుంటా పోతాండాయి.
'అనుమతించబడదు' అనే మాట
లారీ అంత పొడుగుండాది.
దాని ముందు టైరు కాడ మొదలుపెట్టి
ఎనక టైరు కాడికి చేరేలోపల
ప్రశ్నకిచ్చిన టయిం అయిపోతాది.

చెత్తబండికి ఆడోళ్లను తీసుకుంటారంట, లైసెన్సుంటే.
తోలడం నాకేం కొత్త?
పన్నెండేళ్లకే మా నాయన ఎద్దులబండి తోలినా.
ఒగసారి వంక కాడ ఎద్దులు నిలబడిపాయె.
ఎంత అదిలించినా కదల్లే.
దిగి చూస్తే దారి నడిమిట్ల
ఎవరి బిడ్డనో, మట్టిలో ఆడుకుంటా ఉండె.
ఆ ఎద్దులకు ఎవరు చూపించినారు చార్టు?

మొదటిసారి పాయె పరీక్ష.
పన్నెండు రావల్ల, పదకొండు వచ్చె.
పదిహేడో ప్రశ్న, ఇప్పటికీ కండ్ల ముందరే ఉండాది:
తెల్లకర్ర పట్టుకున్న అంధుడు రోడ్డు దాటుచున్నచో
డ్రైవరు ఏమి చేయవలెను?
హారన్ కొట్టి వెళ్లవలెను.
వేగం తగ్గించి పక్కనుంచి వెళ్లవలెను.
ఆ కర్రనే ఆగుము గుర్తుగా ఎంచి బండి ఆపవలెను.

నేను హారన్ నొక్కినా.
కండ్లు లేనాయనకు
బండి వస్తాండాదని చెప్పొద్దా, పాపం!

మరుసటి పొద్దున మిల్లు గేటు కాడ
ఊదొత్తులమ్మే మౌలాలి మామ
రోడ్డు అంచున నిలబడి ఉండాడు, కర్ర ముందుకు చాపి.
తొమ్మిదేండ్లుగా చూస్తాండా ఆయన్ని.
చూస్తానే పోతాండా.
"ఎంతసేపాయె మామా?"
"నాకు గడియారం యాడిదమ్మా,
హారన్లే లెక్క.
నలభై అయినాయి."
రొంత నవ్వి అన్నాడు:
"వస్తాండామని అందరూ చెప్తారు తల్లీ.
ఆగేటోడే లేడు."

నా మొగం మీద ఏం గుర్తు పడిందో
ఆయనకు కనపడదు. అదొగటి మేలు.

ఆ రాత్రి షిఫ్టుకు పోలేదు.
వీరేశుతో చార్టు అంచున ఒగ గీత గీయించినా,
ముక్కోణం లేదు, గుండ్రం లేదు, ఉత్త నిలువు గీత.
"ఇట్లాంటి గుర్తు లేదత్తా."
"ఉండాది. నువ్వు గీయి."

ఎల్లుండి మళ్లీ పరీక్ష.
ఆ ప్రశ్న ఈసారి రాదంటాడు వీరేశు,
వందల్లో ఒగటంట.
రాకపోతే పాయె.

పొద్దున ఆరున్నరకు
మిల్లు గేటు కాడ, తారు మీద
టక్, టక్, టక్ మని
అది రోజూ అడుగుతానే ఉండాది.