నాలుగు వేల కాడ గుంట

ఒంగోల్లో అద్దాల గదిలో కూకోబెట్టి
ఆ పిల్ల నా చెవులకి డబ్బాలు తగిలించింది.
కూత వినపడితే చెయ్యెత్తమంది.
లావు కూతలకి ఎత్తినా.
సన్న కూతలు వచ్చినయ్యంట,
నా చెయ్యి మోకాలి మీదే ఉండిపోయింది.

కాయితం మీద గీత
చదునుగా నడిచి నడిచి
నాలుగు వేల కాడ దభీమని పడింది
మా చీమకుర్తి క్వారీ అంచు మాదిరి.
“అచ్చులన్నీ కింద ఉంటయ్యి పెద్దాయనా,
నీకు భద్రం. మ, న, గ, ల కూడా.
పోయింది పైన తిరిగే పల్చటి గాలి.
స, శ, త, క... ప కూడా అనుమానమే.”
నీ పేరేందమ్మా అన్నా.
‘ఆ..ఇయా’ అంది.
రసీదు మీద చూస్తే సాఫియా.

ఇరవై ఆరేళ్ళు జాకామర్ పట్టుకున్నా.
నల్లరాయిని చీల్చాలంటే
ముందు ఒకే వరసన బెజ్జాలెయ్యాల,
జానకొకటి.
ఆనక మేకు దిగితే రాయి తనంతట తనే విడిపోద్ది.
బెజ్జాలు రెండు వైపులా పడతన్నయ్యని
మేస్త్రీ దేరంగుల కోటయ్య చెప్పలా.
చెప్పినా వినపడేది కాదులే, ఆ మోతలో.

కండక్టరు ‘ఒంగోలు’ అని అరిస్తే
ఒక్క అక్షరం రాలకుండా వస్తది.
మా ఊరి పేరే
ఈమ.. ఉర్.. ఇ,
తలుపులు పీకేసిన ఇల్లు.

ఇంటిదాని పేరు శేషమ్మ.
నేనే కేకేసినా నా చెవికొచ్చేది ‘ఏ..అమ్మ’.

నిరుడు అన్నం కాడ ‘పప్పు’ అంది.
నాకు అప్పు అని వినపడింది.
ఎవుడికి? ఎంత? అని కంచం ముందర్నించి లేచినా.
తప్పు అన్నా అప్పే, కప్పు అన్నా అప్పే.
కొన్నాళ్ళు ఊరు ఊరంతా
నన్ను బాకీ అడుగుతున్నట్టే ఉండింది.

ఇప్పుడు నోరు చూస్తన్నా.
ప పెదాల మీద దొరుకుద్ది.
త పళ్ళ సందున నాలిక చూపిచ్చి పోద్ది.
క మాత్రం గొంతులో దాక్కుంటది, దొంగది.
పెళ్ళయిన ఇన్నేళ్ళకి తెలిసింది,
శేషమ్మకి పైపన్ను ఒకటి వంకర.

రాత్రి కరెంటు పోయింది.
చీకట్లో ఏదో అంది. ..అప్పు.
కప్పు అనుకోని దుప్పటి కప్పినా.
విసురుగా తీసేసింది.
అయితే మిగతా రెండిట్లో ఏదో.
తెల్లారనీ, నోరు చూసి చెప్తా.