గుండూ బద్దా

కాశీబుగ్గలో రైలుగేటు దాటాక
మూడో జీడి షెడ్డులో మా అమ్మ పని.
షెడ్డు షావుకారిది. చాకు షావుకారిది.
కింద పరుచుకునే గోనెపట్టా మాత్రం అమ్మదే.

పొట్టు ఊడాలి, పప్పు విరగకూడదు.
గుండు దిగితే ఒక లెక్క,
బద్దయితే ఇంకో లెక్క,
ముక్కయితే మేస్త్రీ నోరు.
ఇరవై రెండేళ్లుగా అమ్మ
ఏదీ విరక్కుండా ఒలుస్తోంది.

రేషన్ మిషను అమ్మ బొటనవేలిని గుర్తుపట్టదు.
గీతలన్నీ జీడినూనె తినేసింది.
"ఇంకో ఏలు పెట్టమ్మా" అంటాడు డీలరు.
ఇంకో వేలు, ఇంకో వేలు,
పదీ అయిపోయాక నవ్వేది,
"నాను నానే బావూ" అని.
ఆ నవ్వంటే నాకు భయం.

నా పదిహేనో ఏట
లెక్కల పుస్తకంలో ఒకే పేజీని
మూడు వారాలు చూశాను.
పెట్టెలోని వృత్తలేఖినితో
నేను గీసింది వృత్తాలు కాదు.
మే నెల ఉక్కలో
మణికట్టు దాకా చేతులున్న చొక్కా.
"ఈ గుంటకేటయింది?" అని వీధి.
"ఈడొచ్చాక అలాగే ఉంటాది" అని మేనత్త.

మా నానమ్మ తవిటమ్మ ఏమీ అనలేదు.
ఆమె లెక్క ఆమెకుంది.
తుపాను రాత్రి పడిపోయిన కొబ్బరిచెట్లు
పద్నాలుగు.
గాలి కాస్త లేస్తే చాలు
చీకట్లో లేచి కూర్చుని
ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలిచేది.
"పడుకో అత్తా" అనేది అమ్మ గోడవైపు తిరిగి.
నేను నిద్ర నటించేదాన్ని.

ఒకరోజు చొక్కా ఉతుకుతూ
చేతి లోపల మరకలు చూసింది అమ్మ.
అరవలేదు. కొట్టలేదు.
ఆ పూట కూలి మానేసి
ఆసుపత్రికి నడిపించింది.

నర్సు రత్నకుమారి బీపీ పట్టీ విప్పుతూ
మామూలుగా, వానొస్తుందా అన్నట్టు, అడిగింది:
"నిద్ర పడుతోందా ఢిల్లేశ్వరీ?"

నేనెందుకలా అన్నానో ఇప్పటికీ తెలీదు.
"ముందు మా అమ్మని అడగండి."

అమ్మ నవ్వబోయింది.
రేషన్ షాపు నవ్వే,
సగంలో ఆగిపోయింది.

"దీన్ని కన్నాక నలభై రోజులు
దీని మొకం సూడబుద్ది కానేదమ్మా.
గాలి సోకిందన్నారు. ఏపమండల్తో కొట్టినారు.
ఒక రేతిరి నూతికాడికెల్లిపోనాను.
ఇది ఏడ్సింది. ఎక్కడో ఇంటికాడ, సన్నంగా.
పాలు కారి రైక తడిసిపోయింది.
తిరిగొచ్చేసినాను."
కాసేపాగి,
"ఇప్పుడా? ఇప్పుడు ఒళ్లంతా సెగ.
పప్పొలుస్తా ఒలుస్తా
ఊరికే కన్నీలు కారతాయి.
పొగ అని సెప్తన్నాను అందరికీ."

పక్క బల్ల మీద బాలింత ఎవరో
బిడ్డని ఊపడం ఆపి వింటోంది.

రిజిస్టరులో గళ్లున్నాయి,
బరువుకి, రక్తానికి, బీపీకి.
అమ్మ మాట ఏ గడిలోనూ పట్టక
రత్నకుమారి అంచున నిలువుగా రాసింది.
శ్రీకాకుళం పెద్దాసుపత్రికి
నా పేరు మీదొక చీటీ,
అమ్మ పేరు మీదొక చీటీ.

బస్సులో అమ్మ ఏమీ మాట్లాడలేదు.
నా చొక్కా చేతిని మోచేతి దాకా మడిచి
గరుకు వేలితో మెల్లగా రాసింది.
గీతల్లేని వేలు
నా గీతల మీద.

మందులు మొదలయ్యాయి.
మొదటి వారం వాంతులు.
రెండో నెల మానేద్దామని నేను,
"మేస్త్రీ తిట్టినా ఎల్లాల" అని అమ్మ.
కూలి తెగిన రోజులు గోడ మీద బొగ్గుతో గీసేది.

ఆ కార్తీకంలో ఒక రాత్రి గాలి లేచింది.
రేకులు దడదడలాడాయి.
నానమ్మ లేచి కూర్చుంది.
"గుమ్మం కాడది... నూతి పక్కది..."
అమ్మ కూడా లేచింది.
నేను కళ్లు తెరిచే ఉన్నాను, ఈసారి దాచలేదు.
పడుకో అంటుందేమో అనుకున్నాను.

అమ్మ చాప దగ్గరికి లాక్కుని
నానమ్మ మోకాలి మీద చెయ్యేసింది.
"ఆ తరవాతది ఏ సెట్టు అత్తా?"