పైది

చివరి గొర్రెల దొడ్డి దాటాక దారి
సాయం చేస్తానని మాటిచ్చిన చుట్టంలా
చడీచప్పుడు లేకుండా తప్పుకుంది.
ఇక అన్నీ రాళ్ళే.

"ఫోన్లో నీలం చుక్క కదలట్లేదత్తా," అన్నాడు నుర్గాజీ.
కదలదురా, దానికి కాళ్ళు లేవు.
నా చేతిలో మీ తాత కర్ర ఉంది,
బెత్తెడుకొక గాటు చొప్పున ఇరవై గాట్లు.

మంచు కరిగిన ప్రతి నెలా నాన్న ఈ కొండెక్కేవాడు,
నీటి కొలతల ఆఫీసు ఇచ్చిన
రెండు సైజులు పెద్ద బూట్లలో గోనెగుడ్డలు కుక్కుకుని.
ఆఫీసు కాగితాల్లో ఈ సరస్సు ఒక నంబరు.
ఇంట్లో మాకు 'పైది'.
'పైదాని దగ్గరికెళ్ళాడు, ఇంకా రాలేదు' అని
అమ్మ అంటుంటే విని
కొత్తగా వచ్చిన పొరుగింటి తుర్సునాయ్
ఆయనకి ఇంకో సంసారం ఉందనుకుంది.
అమ్మ కాదనలేదు.

నా పన్నెండో ఏట ఒక్కసారి వెంట తీసుకొచ్చాడు.
రోజంతా కలిపి రెండే మాటలు:
నల్లమచ్చలు పట్టిన రాయిని నమ్ము, అది కదిలి వందేళ్ళయింది.
కడిగినట్టున్నదాన్ని నమ్మకు, అది నిన్న వచ్చింది.

ఒకచోట ఏరు మాయమైంది.
బండల కింద నీళ్ళు
గోడ అవతలి కాపురంలా
వినబడతాయి, అర్థం కావు.
మార్మట్ ఒకటి ఈలవేసి
మా సంగతి కొండంతా చాటింది.
ఎండిన పెరుగు ఉండ బుగ్గన పెట్టుకుని
నుర్గాజీ కాసేపు నాకు ముందు, కాసేపు పక్కన,
చివరికి నా వెనక,
నేను కాలు తీసిన రాయి మీదే కాలు పెడుతూ.

ఇదే అంచు, అన్నాను మూడుసార్లు.
మూడుసార్లూ వెనక ఇంకో అంచు.
నాలుగోసారి ఏమీ అనలేదు,
అప్పుడు ఉంది.

రంగు చెప్పను, చెబితే అబద్ధమవుతుంది.
చలి మాత్రం ముందు కళ్ళకి తగిలింది.
నా చిన్నప్పుడు హిమానీనదం
ఈ నీళ్ళలోకి నాలుక చాపి ఉండేది.
ఇప్పుడు ఎగువన ఎక్కడో
మాసిన దుప్పటిలా ముడుచుకుంది.

నాన్న వేసిన ఎర్ర గీత కోసం వెతికాం.
పడమటి ఒడ్డున, మనిషెత్తు బండ మీద.
ఒడ్డుంది, బండ లేదు.
బోర్లా పడుకున్న నుర్గాజీ
చాలాసేపటికి అన్నాడు,
"అత్తా, లోపలుంది."

ఉంది.
వణుకుతోంది కానీ ఎర్రగానే ఉంది.

కర్ర దించాను. గాట్లన్నీ మునిగాయి,
మణికట్టు మునిగింది.
వాడు నా నడుం పట్టుకున్నాడు.
మోచేయి మునిగాక టక్ మని తగిలింది.

నాన్న నోటుపుస్తకంలో చివరి పేజీ తర్వాతి పేజీలో
వాడు రాశాడు:
ఇరవై గాట్లు, ఒక మోచేయి.

"ఎవరికి పంపాలి?"
ఆఫీసు మూతబడి ఇరవై ఆరేళ్ళు.
ఆ గదుల్లో టైర్లు అమ్ముతున్నారు.
ఇక్కణ్ణుంచి మా ఊరు కనబడదు కానీ
ఎటుందో నాకు తెలుసు,
సరిగ్గా ఈ నీళ్ళకి దిగువన.

చెయ్యి ఇంకా నాది కాలేదు.
చంకలో పెట్టుకుని అన్నాను,
"ముందు తేదీ వెయ్యి."